దరువు తప్పని మనిషి

మా అన్నయ్య దరువు తప్పడు. ఇన్నేళ్ళుగా ఈ మాట నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడదే మాట ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

అన్నయ్య ఇనుప గొట్టాల ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టాల మీద కదిలే పెద్ద క్రేన్ అది. దానికి వేలాడే చిన్న అద్దాల గదిలో కూర్చుని, రెండు చేతులతో రెండు పిడులు తిప్పుతూ గొట్టాల కట్టల్ని ఎత్తుతాడు, జరుపుతాడు, దించుతాడు. కింద పనిచేసేవాళ్ళు పేరు పెట్టి పిలవరు, పైవాడంటారు. కట్ట లారీలో కుదురుగా కూర్చుంటే అంతా పైవాడి దయ అంటారు. ఆలస్యమైతే పైవాడికి మనం గుర్తే లేం అని గొణుక్కుంటారు.

ఆ కట్టలకి కింద గొలుసు చుట్టి కొక్కేనికి తగిలించే మనిషి మా ఆయన. ఆ ఉద్యోగం వేయించింది అన్నయ్యే. చెల్లెలి మొగుడు కళ్ళ ముందు ఉంటాడని వేయించాడట. కళ్ళ ముందు కాదు, కాళ్ళ కింద అని మా ఆయన నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. టన్నుల బరువు కట్టుకున్నవాడి తల మీద ఊగుతుంటే నవ్వే గుండె దేవుడు నాకివ్వలేదు. నేను పుట్టు భయస్తురాలిని. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివర నుంచి వెనక్కి వచ్చే రకం.

నా ఉద్యోగం ఒక చెవి డాక్టరు గారి క్లినిక్‌లో. వినికిడి పరీక్షలు చేస్తాను. మోతలో పనిచేసేవాళ్ళకి ఏడాదికోసారి ఈ పరీక్ష తప్పదు. అందులో పాసయితేనే క్రేన్ ఎక్కనిస్తారు.

ఈ ముగ్గురం ఒకప్పుడు రాక్ బ్యాండు అంటే మా క్లినిక్‌లో ఎవరూ నమ్మరు. నన్నూ నా జడనీ చూసి, మీరు వీణ వాయించేవారేమో అంటారు. అన్నయ్య డ్రమ్స్, నేను బేస్ గిటారు. మా ఆయన గిటారు. అప్పటికింకా మా ఆయన కాడు, అన్నయ్య స్నేహితుడు, వారానికో తీగ తెంపి నా వైపు దీనంగా చూసే మనిషి. పాడేవాడు ఇంకొకడు ఉండేవాడు. వాడి చేతికి ఒకసారి మైకు వెళ్ళిందంటే మళ్ళీ లాక్కోవడం ముగ్గురి వల్లా అయ్యేది కాదు కాబట్టి మైకాసురుడనేవాళ్ళం.

మైకాసురుడి మేనమామకి ఫర్నిచర్ గోడౌను ఉండేది. దాని వెనక రేకుల గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో చేరాం. చిరిగిన పరుపులు గోడలకి వేలాడదీశాం. ఆంప్లిఫయర్లు రెండూ ఒకేసారి పెడితే ఫ్యూజు ఎగిరిపోయేది, గోడౌనంతా చీకటైపోయేది, మేనమామ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. బ్యాండుకి ఏం పేరు పెట్టాలని మేం తన్నుకు చస్తుంటే ఆయనే తేల్చేశాడు. మీకింకేం పేరురా, కాలిన ఫ్యూజు అని పెట్టుకోండి అన్నాడు. అదే పెట్టుకున్నాం.

అన్నీ సొంత పాటలే. మమ్మల్ని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, మేమే వెళ్ళి వాయిస్తామని బతిమాలేవాళ్ళం. పాటలు మేమే రికార్డు చేసుకుని, సీడీలు మేమే కాపీ చేసుకుని, అట్టల మీద బొమ్మలు మేమే గీసుకుని కనిపించినవాళ్ళకల్లా అమ్మాం. అమ్మాం అంటే అంటగట్టాం. మిగిలిన సీడీలు ఇప్పుడు మా వదిన బాల్కనీలో తాళ్ళకి వేలాడుతున్నాయి, పావురాలు రాకుండా. పావురాలు ఆ మెరుపుకి భయపడుతున్నాయో, లోపల ఉన్న పాటలకి భయపడుతున్నాయో తెలియదంటుంది వదిన.

రేకుల గదిలో డ్రమ్స్ మోత ఎలా ఉంటుందో చెప్తే తెలిసేది కాదు. పెద్ద ఇత్తడి పళ్ళెంలాంటి సింబల్ అన్నయ్య ఎడమ చెవికి మూరెడు దూరంలో ఉండేది. నాకు చిన్నప్పుడు చెవిలో చీము కారేదని, దూది పెట్టుకోనిదే అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. చెవుల్లో దూది కుక్కుకుని సంగీతం వాయించే ఘనత నీ ఒక్కదానిదేనే అని అన్నయ్య ఎగతాళి చేసేవాడు. ఇంటికొచ్చాక వాడి చెవుల్లో చాలాసేపు గుయ్యిమని మోగుతుండేది. ఆ మోత లేకపోతే ఆ రోజు సరిగ్గా వాయించనట్టే అని మురిసిపోయేవాడు. ఇప్పుడు రోజూ అలాంటి చెవుల మధ్యే బతుకుతున్నాను కాబట్టి ఆ గుయ్యిమనడం ఏమిటో నాకు తెలుసు. అప్పుడు మాకెవరికీ తెలియదు.

మా పాటల్లో జనం కాస్త తలలాడించింది ఒక్కదానికే. దాని పేరు "గేటు పడింది". రైలు గేటు దగ్గర ఇరుక్కుపోయిన బండ్ల పాట. నా బేస్ నడకే దానికి ఇంజను. అది అలా సాగుతూ సాగుతూ ఉండగా ఒక చోట అందరం ఠక్కున ఆపేస్తాం, గేటు పడిందన్నమాట. ఆ నిశ్శబ్దంలో అన్నయ్య ఒక్కడే నాలుగు దెబ్బలు వేస్తాడు, రైలు వెళ్ళిపోయినట్టు. తర్వాత మళ్ళీ అందరం అందుకుంటాం. ఆ నాలుగు దెబ్బల దగ్గర అన్నయ్యకి ఒక జబ్బు ఉండేది. ఎన్నిసార్లు చెప్పినా వెంట్రుకవాసి ముందే వేసేవాడు. గేటు పూర్తిగా లేవకముందే తల వంచుకుని దూరిపోయే స్కూటరు వాడిలా ఏమిట్రా ఆ తొందర అని మా ఆయన తిట్టేవాడు. ఆయన తిడుతున్నకొద్దీ అన్నయ్య అలాగే వేసేవాడు.

ఏడాదిన్నర తిరక్కుండానే అంతా ముగిసింది. మైకాసురుడికి ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వాడికి తగ్గ ఉద్యోగమే, నోటితో చేసేది. ఆఖరిసారి ఒక కాలేజీ హాల్లో వాయించాం. "గేటు పడింది" సగంలో ఉండగా కరెంటు పోయింది. గిటార్లు మూగబోయాయి, మైకు మూగబోయింది. డ్రమ్స్‌కి కరెంటుతో పనేముంది, అన్నయ్య ఆపలేదు. ఆ చీకట్లో మా ముగ్గురి భాగాలూ తలలో వినుకుంటూ, తన భాగం తాను వాయించుకుంటూ పోయాడు. గేటు దగ్గర ఆగాడు, నాలుగు దెబ్బలూ వేశాడు, మళ్ళీ సాగాడు. కరెంటు వచ్చేసరికి పాట ఎక్కడుండాలో అక్కడే ఉంది. మేం చేయాల్సిందల్లా చేతులు కలపడమే. హాలు హాలంతా లేచి నిలబడింది. మా కోసం జనం లేచింది ఆ ఒక్కసారే, బస్సుకి వేళయి లేచినవాళ్ళని వదిలేస్తే.

మనం వినబడకపోయినా వాడు మనతోనే ఉంటాడు అని ఆ రోజు మా ఆయన అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఏళ్ళ తరబడి ముచ్చటగా తిరిగింది. వింటే నాకూ గర్వంగా ఉండేది.

డ్రమ్స్ అమ్మేశాక అన్నయ్య దేని మీదా నిలవలేదు. చేతులు ఊరికే ఉండేవి కావు, తలుపుల మీదా బల్లల మీదా నీళ్ళ డ్రమ్ముల మీదా దరువేస్తూ తిరిగేవాడు. క్రేన్ గదిలో కూర్చున్నాకే కుదుటపడ్డాడు. రెండు చేతులకీ రెండు వేర్వేరు పనులు, కాలికి ఇంకో పని, కళ్ళు కింద. నన్ను మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చోబెట్టారే అని మొదటి వారమే నాతో అన్నాడు. సోమవారం పొద్దున హుషారుగా లేచే మగాణ్ణి మా ఇంట్లోనే చూశానంటుంది వదిన. ఆ గదిలోంచి దించితే స్టోర్సులో బోల్టులు అందించే పనిలో పెడతారు. ఆ పని చేస్తూ అన్నయ్య బతకడని కాదు. ఎలా బతుకుతాడో నేను చూడలేను.

పోయిన మంగళవారం మా ఆయన భోజనం దగ్గర ఒక సంగతి చెప్పాడు. ఫ్యాక్టరీలో చేతి రేడియోలు ఇచ్చారు గానీ వాటికి ఎప్పుడూ ఛార్జింగు ఉండదు. కింద ఉన్నవాడు మెళ్ళో వేలాడే ఈలనే నమ్ముకుంటాడు. ఒక్క ఈల అంటే ఆపమని. ఆ రోజు ఒక కట్టకి గొలుసు పక్కకి జారిందట. మా ఆయన రెండు చేతులతోనూ గొలుసు పట్టుకుని, పళ్ళ మధ్య ఉన్న ఈలని గట్టిగా ఊదాడట. కట్ట ఆగలేదు. దాని కొస భుజానికి జానెడు దూరం నుంచి పోయిందట.

ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. తర్వాత బావని అడిగితే, నువ్వసలు ఈలే వేయలేదు పొమ్మన్నాడట. ఊదాను మహానుభావా అంటే, ఊదితే నేనెందుకు ఆపనూ అన్నాడట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది మీ అన్నయ్యతో అంటూ మా ఆయన కంచం తీసుకుని లేచాడు. నేను కలిపిన అన్నం కలిపినట్టే వదిలేశాను.

అన్నయ్య అబద్ధమాడడు. మా ఆయనా ఆడడు. ఇద్దరి మాటా నిజం కావాలంటే దారి ఒక్కటే: ఈయన ఊదాడు, అన్నయ్యకి వినబడలేదు. మోతలో నలిగిన చెవిలో ముందుగా పోయేవి ఈల లాంటి సన్నని శబ్దాలే. మాటలు ఎప్పటిలాగే వినబడుతుంటాయి కాబట్టి ఇంట్లోవాళ్ళకే కాదు, ఆ మనిషికి కూడా అనుమానం రాదు. ఇలాంటివాళ్ళని నేను వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూస్తాను. వాళ్ళెవరూ మా ఆయన నెత్తి మీద బరువులు తిప్పరు.

ఆ వారమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. నాలుగు రోజులు సెలవు పెట్టమని మా ఆయన్ని చెవినిల్లు కట్టుకుని పోరాను. నీ భయాలన్నీ లెక్కపెట్టుకుంటే ఇంట్లోంచి కాలు బయట పెట్టలేం అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు. ఉరిమినా భయమే, ఫోను మోగినా భయమే, మోగకపోయినా భయమే అయితే అసలైన భయం వచ్చినప్పుడు నమ్మేదెవరు? నాన్నా పులి కథ నాకే తగులుకుంది. సాయంత్రం వాకిలి గేటు చప్పుడు వినేదాకా పొయ్యి మీద ఏముందో కూడా తెలిసేది కాదు.

వదినని అడిగి చూశాను, అన్నయ్యకి ఈమధ్య సరిగ్గా వినబడుతోందా అని. "నేను చెప్పింది మీ అన్నయ్యకి పెళ్ళైన రోజు నుంచీ వినబడలేదు, ఇప్పుడు కొత్తగా ఏం పోయింది?" అంది. ఇంకోరోజు ఏదో వంకతో వాళ్ళింటికి వెళ్ళి, నా ఫోనులో సన్నగా కీచుమనే అలారం పెట్టి సోఫా దిండు కింద దాచాను. అది మోగింది. అన్నయ్య దిండు వైపు తిరిగాడు. అమ్మయ్య అనుకున్నాను. ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, ముందు తిరిగింది వదిన. అన్నయ్య తిరిగింది వదిన ముఖం చూశాక.

సరిగ్గా ఆ వారంలోనే ఫ్యాక్టరీవాళ్ళ పరీక్షలు వచ్చిపడ్డాయి. ఏటా వాళ్ళని చూసేది మా క్లినిక్‌లో నాలాగే పరీక్షలు చేసే పెద్దాయన. ఆయన మోకాలి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. క్రేన్ ఆపరేటరు మా అన్నయ్య అని, ఇంకెవరి దగ్గరికైనా పంపమని డాక్టరు గారితో చెప్పాను. మిషనుకి బంధుత్వాలుండవమ్మా, కానివ్వు అన్నారాయన.

మా పరీక్ష గది బీరువా కంటే కాస్త పెద్దది. లోపలంతా స్పాంజి, ఒక పక్క రెండు పొరల అద్దం. లోపల కూర్చున్న మనిషికి చెవుల మీద హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. బయట నా బల్ల మీద మిషను. నేను మీట నొక్కితే లోపల చెవిలోకి శబ్దం పోతుంది. వినబడితే ఆ మనిషి బటన్ నొక్కుతాడు, నా ముందు పచ్చ దీపం వెలుగుతుంది. అలా శబ్దాన్ని తగ్గించుకుంటూ, పెంచుకుంటూ, బొంగురుగా ఉండే లావు శబ్దాల నుంచి ఈలలాంటి సన్నవాటి దాకా వెళ్తాం. ఈ పనిలో నేర్పే మొదటి పాఠం ఒకటుంది. శబ్దానికీ శబ్దానికీ మధ్య ఎడం ఒక్కలా ఉండకూడదు. ఉంటే ఆ మనిషి వినడం మానేసి, రాబోయే చోటు ఊహించి నొక్కేస్తాడు. పెద్దాయన చెయ్యి గోడగడియారం లాంటిది. నాది అలా కాదని నాకు కాస్త పొగరు కూడా ఉంది.

అన్నయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. చెల్లెలి చేతిలో పరీక్ష, ఫెయిల్ చేస్తే అమ్మకి చెప్తా అని బెదిరించి లోపల కూర్చున్నాడు. నేను తలుపు మూశాను.

లావు శబ్దాలన్నీ విన్నాడు. దీపం వెలిగిన ప్రతిసారీ నా గుండెలో ఒక్కో బరువు దిగుతూ వచ్చింది. సన్నవాటిలోకి వచ్చాను. అవీ వెలిగాయి. శబ్దం తగ్గించాను, వెలిగింది. ఇంకా తగ్గించాను, వెలిగింది. నా చెవులకే కష్టమైన చోట కూడా వెలిగింది. మొక్కని దేవుడు లేడు. మంగళవారం నాటి ఈలలో ఏ దుమ్మో పడి ఉంటుంది, అన్నయ్య చెవులు బంగారం అనుకున్నాను.

అప్పుడు దీపాన్ని కాస్త శ్రద్ధగా చూశాను. మనిషి శబ్దం విని, విన్నానని తెలుసుకుని, నొక్కేసరికి ఒక రెప్పపాటు పడుతుంది. ఎంత చురుకైనవాడికైనా పడుతుంది. ఈ దీపం నా మీటతో పాటే వెలుగుతోంది. ఒక్కోసారి వెంట్రుకవాసి ముందే వెలుగుతోంది.

ఆ తొందర నాకు తెలుసు.

అద్దంలోంచి చూశాను. అన్నయ్య కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. కుడి పాదం నేల మీద మెల్లగా ఆడుతోంది. నా చేతి వైపు చూసుకున్నాను. మీట మీద నా వేలు నడుస్తున్న నడకని అప్పుడు పోల్చుకున్నాను. అది "గేటు పడింది" నడక. భయంలో బుర్ర పనిచేయడం మానేస్తే, చెయ్యి తనకి బాగా తెలిసిన దారి పట్టుకుంది. ఎడం మార్చాలన్న మొదటి పాఠం ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు. లోపల వాడు నా బేస్‌ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టానని వాడికీ తెలియదు. విననవసరం లేకుండానే నాతో కలిసి వాయించుకుంటూ వస్తున్నాడు.

పాట గేటు దగ్గరికి వచ్చింది. నేను మీట మీద నుంచి చెయ్యి తీసేశాను.

హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. స్పాంజి గదిలో గాలి చప్పుడు కూడా ఉండదు. పచ్చ దీపం వెలిగింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ, మళ్ళీ. నాలుగు దెబ్బలు, నాలుగూ వెంట్రుకవాసి ముందు. ఆ తర్వాత అన్నయ్య మేం అందుకోవడం కోసం ఆగాడు. నేను అందుకోలేదు.

కాసేపటికి కళ్ళు తెరిచి అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తలుపు తీశాను. అయిపోయిందా, పాసేనా అని హెడ్‌ఫోన్లు తీస్తూ అడిగాడు.

"అన్నయ్యా, నేను ఆపేశాను," అన్నాను. "నువ్వు వాయిస్తూనే ఉన్నావు."

వాడికి అర్థం కాలేదు. "ఎక్కడ ఆపావు?"

"గేటు దగ్గర."

చేతిలో ఉన్న బటన్‌ని చూసుకున్నాడు. పాదం ఆగిపోయింది.

"అక్కడ నేనే కదే వాయించాల్సింది," అన్నాడు చాలా మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పక్క గదిలో వాళ్ళకి వినబడుతుందని తలుపు మూసి లోపలే నిలబడ్డాను. ఇద్దరు మనుషులు పట్టే గది కాదది. అన్నయ్య మంగళవారం సంగతి తనే ఎత్తాడు. ఈల ఊదాలంటే ముందు దాన్ని నోట్లో పెట్టుకోవాలి, అప్పుడు మా ఆయన మోచెయ్యి పైకి లేస్తుంది. ఆ మోచెయ్యి లేవగానే తనకి ఈల వినబడేదట. నటన కాదు, నిజంగానే వినబడేదట. మంగళవారం మా ఆయన రెండు చేతులూ గొలుసు మీద ఉన్నాయి. మోచెయ్యి లేవలేదు, అన్నయ్యకి ఈల వినబడలేదు. అందుకే నువ్వసలు వేయలేదని అంత గట్టిగా చెప్పాడు.

చెప్పడం అయ్యాక కాసేపు స్పాంజి గోడని గోటితో గిల్లుతూ కూర్చున్నాడు. తర్వాత నా ముఖం చూడకుండా అడిగాడు.

"పెద్దాయన ఎప్పుడొస్తాడు?"

"వచ్చే నెల," అన్నాను.

"ఆయన దగ్గరైతే నేను పాసవుతాను కదూ?"

అవునన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. పోయినేడు అయ్యాడు, అంతకు ముందు ఏడూ అయ్యాడు. ఏదో జలుబని రాసి ఇంకో తేదీ ఇస్తే చాలు, ఎవరూ అడగరు. ఆ గది వాడికి మిగులుతుంది. వచ్చే నెల దాకా, ఆ తర్వాత ఏడాది దాకా, సాయంత్రం వాకిలి గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం నాకు మిగులుతుంది. అలా రాయమని వాడు అడిగితే ఏం చెప్తానో నాకే తెలియక భయమేసింది. అడగొద్దురా అన్నయ్యా అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

అన్నయ్య అడగలేదు. హెడ్‌ఫోన్లు తీసుకుని మళ్ళీ తలకి పెట్టుకున్నాడు.

"మళ్ళీ పెట్టు," అన్నాడు. "ఈసారి దరువు లేకుండా పెట్టు."

బయటికొచ్చి కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే అన్నయ్య చెప్పులు విడిచి, రెండు పాదాలూ నేల మీద నుంచి ఎత్తి కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకున్నాడు, లెక్కపెట్టకుండా ఉండటానికి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను ఎడం మార్చి మార్చి పెట్టాను. లావు శబ్దాలకి దీపం వెలిగింది, ఈసారి రెప్పపాటు ఆలస్యంగా, అందరికీ వెలిగినట్టే. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పెంచాను. ఇంకా పెంచాను. ఈల పలికే చోట, మామూలు చెవులున్న మనిషి ఉలిక్కిపడేంత శబ్దం పెట్టాను. అన్నయ్య నుదురు ముడిచి, ఊపిరి బిగబట్టి, రానిదాని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. వాడి బొటనవేలు కదల్లేదు.

క్రేన్ పనికి తగడు అని రాశాను. డాక్టరు గారు సంతకం చేశారు. ఆ కాగితం ఫ్యాక్టరీకి తనే పట్టుకెళ్తానని, మా ఆయనకి కూడా తనే చెప్తానని, నన్ను ఫోను చేయొద్దని చెప్పి అన్నయ్య వెళ్ళిపోయాడు. కొత్త చొక్కా వీపు మీద చెమటకి అంటుకుపోయి ఉంది.

సాయంత్రం వాకిలి గేటు చప్పుడైంది. వారం రోజుల్లో మొదటిసారి ఆ చప్పుడు వినగానే నా ప్రాణం కుదుటపడలేదు. మా ఆయన బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి తనంతట తనే చెప్పాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, క్రేన్ ఆగి ఉన్నప్పుడు బావ వచ్చాడట. షెడ్డు మధ్యకి తీసుకెళ్ళి, మా ఆయన వైపు వీపు తిప్పి నిలబడి, ఈల ఊదమన్నాడట. ఎందుకని అడిగినా చెప్పలేదట. మా ఆయన ఊదాడు. ఖాళీ షెడ్డంతా మారుమోగింది, బయట లారీ డ్రైవరు కూడా తల తిప్పి చూశాడు. బావ కదల్లేదు. ఊపిరంతా కూడదీసుకుని మళ్ళీ ఊదాడు.

"అప్పుడేమన్నాడు?" అని అడిగాను.

మా ఆయన మెళ్ళో ఉన్న ఈల తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకా మొదలెట్టవేం బావా అన్నాడు."